పడవకి స్త్రీ పేరు

లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం సేకరణలో టామ్జీన్ అనే పడవ ఒకటి ఉంది. పొడవు 15 అడుగులకి కాస్త తక్కువ. పలక అంచు మీద పలక ఎక్కించి బిగించిన చెక్క పడవ. ఇద్దరు జాలర్లు, ఒక వల, నాలుగు బుట్టల చేపలు - అంతకు మించి పట్టేట్టు కనిపించదు. 1937లో ఇంగ్లండ్ ఆగ్నేయ తీరాన మార్గేట్ అనే ఊళ్ళో దీన్ని కట్టారు. మూడేళ్ళ తర్వాత, 1940లో, అది ఇంగ్లిష్ ఛానెల్ దాటి ఫ్రాన్స్‌లోని డంకర్క్ తీరానికి వెళ్ళింది. జర్మన్ సైన్యం చుట్టుముట్టిన బ్రిటిష్, ఫ్రెంచ్ సైనికుల్ని బయటకు తెచ్చిన పడవల్లో అదొకటి. అలా వెళ్ళిన పైకప్పు లేని చేపల పడవల్లో అన్నిటికన్నా చిన్నది ఇదేనంటారు.

ఆ మ్యూజియంలో ట్యాంకులున్నాయి, ఫిరంగులున్నాయి, యుద్ధ విమానాలున్నాయి. ఒక్కొక్కదాని ముందు నిలబడినప్పుడల్లా, ఇది ఎంతమందిని చంపి ఉంటుందోనన్న ప్రశ్న మనసులో మెదులుతూనే ఉంటుంది. పడవ దగ్గరికొచ్చేసరికి ఆ ప్రశ్న ఆగిపోతుంది. ఇది ప్రాణాలు కాపాడడానికి వెళ్ళిన వస్తువు. నేను చూసిన రోజు దాని దగ్గర అందరి గొంతులూ తగ్గిపోయాయి. ఒక తల్లి తన కొడుకుకి వేలితో పడవ పొడవు చూపించి ఏదో చెబుతోంది. నాకూ మనసు మెత్తబడింది. ఆ మెత్తదనాన్ని కాదనలేను. కానీ ఒక యుద్ధ మ్యూజియం మనలో అంత మెత్తదనం పుట్టిస్తున్నప్పుడు, అది దేనికి ఉపయోగపడుతోందో అడగాల్సిన బాధ్యత స్త్రీవాదులుగా మనకుందని నా అభిప్రాయం.

ముందు ఆ చోటు గురించి చెప్పాలి. మ్యూజియం ఉన్న భవనం ఒకప్పుడు బెత్లెమ్ మానసిక చికిత్సాలయం. ఇంగ్లిషులో గందరగోళానికి పర్యాయపదమైపోయిన 'బెడ్లమ్' అన్న మాట ఆ ఆస్పత్రి పేరులోంచే పుట్టింది. 1815 నుంచి 1930 వరకు ఆ గోడల మధ్య 'పిచ్చివాళ్ళు' అని ముద్రపడిన ఆడవాళ్ళూ మగవాళ్ళూ బతికారు. 1936లో యుద్ధ మ్యూజియం అక్కడికి మారింది. చుట్టూ ఉన్న పార్కుకి జెరాల్డిన్ మేరీ హార్మ్స్‌వర్త్ పేరు పెట్టారు. స్థలాన్ని కొని ప్రజలకిచ్చిన పత్రికాధిపతి రోదర్‌మియర్‌కి ఆమె తల్లి. ఆ అమ్మ పేరున్న పార్కులోంచి నడిచి వెళితే గుమ్మం ముందు యుద్ధనౌకల నుంచి తెచ్చిన రెండు 15 అంగుళాల ఫిరంగులు ఆకాశంలోకి చూస్తూ ఎదురవుతాయి. లోపలికి వెళితే పడవకి స్త్రీ పేరు. టామ్జీన్ అంటే థామస్ అన్న మగ పేరుకి స్త్రీ రూపం.

పేర్ల విషయంలో మ్యూజియం పీనాసి కాదు, పేర్లు పెట్టే సంప్రదాయమూ కాదు. డంకర్క్ నుంచి సైనికుల్ని తెస్తూ మునిగిపోయిన ఓడల్లో ఒకదానికి ఆనాటి ప్రసిద్ధ గాయని గ్రేసీ ఫీల్డ్స్ పేరుంది. ఇంగ్లిషువాళ్ళు ఓడని 'ఆమె' అనే అంటారు. ఓడల వార్తల పత్రిక లాయిడ్స్ లిస్ట్ 2002లో ఇక నుంచి ఓడని 'అది' అనే రాస్తామని ప్రకటించినప్పుడు దాన్నొక అపచారంగా చూసినవాళ్ళున్నారు. మోసేది, ఓర్చేది, మగవాడు నడిపితే నడిచేది స్త్రీ రూపం కావడంలో మనకి కొత్తేముంది?

మన భాష సంగతి ఇంకా విచిత్రం. పడవ వచ్చింది, ఆమె వచ్చింది. గౌరవ వాచకం వాడితే తప్ప రెండిటికీ ఒకటే క్రియ. చిన్నయసూరి వ్యాకరణం మగవాళ్ళని మహత్తులంది, తక్కినవన్నీ అమహత్తులంది. ఏకవచనంలో స్త్రీ చెట్టూ పుట్టా గొడ్డూ గోదాలతో పాటు నిలబడాలి. అదే బహువచనానికి వచ్చేసరికి లెక్క మారుతుంది. పడవలు వచ్చాయి, ఆడవాళ్ళు వచ్చారు. ఒక్కతిగా ఉన్నంతసేపూ వస్తువు వరసలో ఉన్న స్త్రీ, పదిమందితో కలిసినప్పుడు మనుషుల వరసలోకి వస్తోంది. ఈ వ్యాకరణాన్ని నేను చాలాకాలంగా కోపంతో గుర్తు చేసుకుంటూ వచ్చాను. పడవ ముందు మాత్రం అది ఒక పనిముట్టులా ఉపయోగపడింది. మ్యూజియం మనకి ఒకే పడవనీ ఒకే పేరునీ చూపిస్తుంది. చూడాల్సింది బహువచనాన్ని.

డంకర్క్ బహువచనం ఏమిటి? 1940 మే 26 నుంచి జూన్ 4 దాకా అక్కడి నుంచి తెచ్చిన సైనికులు 3,38,226 మంది. వాళ్ళలో దాదాపు మూడో వంతు ఫ్రెంచివాళ్ళు. మొత్తంలో సుమారు 2,39,000 మంది రేవు గోడ మీంచి నేరుగా పెద్ద ఓడలెక్కారు. ఇసుక తీరం నుంచి ఎక్కినవాళ్ళు సుమారు 99,000 మంది. తీరం దగ్గర నీళ్ళు లోతు లేవు కాబట్టి పెద్ద ఓడలు దూరంగా ఆగేవి. చిన్న పడవలు సైనికుల్ని ఒడ్డు నుంచి ఓడ దాకా చేర్చేవి. రేవు కట్టకముందు విశాఖపట్నంలో, మచిలీపట్నంలో మసూలా పడవలు చేసిన పని అదే. అది ప్రాణాపాయంతో చేసిన పని, గొప్ప పని. కానీ సైన్యంలో ఎక్కువ భాగాన్ని ఇంటికి చేర్చింది నౌకాదళపు ఓడలూ, పెద్ద ప్రయాణికుల ఓడలూ.

చిన్న పడవల యజమానులు రేడియోలో పిలుపు వినగానే తమంత తాము బయలుదేరారన్నది కూడా పూర్తి కథ కాదు. మే 14న బిబిసిలో వచ్చిన ప్రకటన 30 నుంచి 100 అడుగుల పొడవున్న మోటారు పడవల యజమానుల్ని వివరాలు పంపమంది. అప్పటికి డంకర్క్ తరలింపు ఆలోచనే మొదలు కాలేదు. తర్వాత చాలా పడవల్ని నౌకాదళమే స్వాధీనం చేసుకుని తన మనుషులతో నడిపించింది. ఆ ప్రకటన ప్రకారమైతే టామ్జీన్ లెక్కలోకే రాదు, అది కోరిన కనీస పొడవులో సగం కూడా లేదు. అంత చిన్నది కాబట్టే అది ఇవాళ అంత పెద్ద కథని మోస్తోంది. ఒక సైన్యం ఓడిపోయి, ఆయుధాలూ వాహనాలూ వదిలేసి వెనక్కి వచ్చింది. ఆ ఓటమి పెద్ద ఓడలో కనిపిస్తుంది, చేపల పడవలో కనిపించదు. పడవలో కనిపించేది ఇల్లు, పొరుగు, సాహసం. రాజ్యం చేసిన తప్పుని కుటుంబం సర్దుకున్నట్టుగా ఉంటుంది ఆ కథ. మన ఇళ్ళలో ఈ కథ మనకి బాగా తెలుసు. ఇంటాయన చేసిన అప్పుని ఇల్లాలి పుస్తెలు తీర్చిన కథని 'త్యాగం' అన్నవాళ్ళు, అప్పు ఎందుకు చేశాడని అడగలేదు.

ఈ ఇంటి కథని సినిమా మొదట్లోనే అందుకుంది. 1942లో విలియం వైలర్ తీసిన 'మిసెస్ మినివర్'లో భర్తకి అర్ధరాత్రి పిలుపు వస్తుంది. తన మోటారు పడవ తీసుకుని డంకర్క్ వెళ్ళిపోతాడు. భార్య ఇంట్లో ఉంటుంది. గాయపడిన జర్మన్ విమాన చోదకుడు ఆమె వంటింట్లోకే వస్తాడు. తుపాకీ చూపించి తిండి అడుగుతాడు. ఆమె పెడుతుంది, అతను సొమ్మసిల్లాక తుపాకీ తీసుకుని పోలీసుల్ని పిలుస్తుంది. సినిమా పేరు ఆమెది, శత్రువుని పట్టుకున్నదీ ఆమే. అయినా సినిమాలో చరిత్ర జరిగేది సముద్రం మీదే. వంటింట్లో జరిగింది, భర్త నిద్రలేచాక చెప్పుకునే ముచ్చట.

75 ఏళ్ళ తర్వాత క్రిస్టఫర్ నోలన్ తీసిన 'డంకర్క్'లో (2017) ఆ ఇంటి కథ కూడా లేదు. ఓడలోకి చేరిన సైనికులకి టీ, జామ్ రాసిన రొట్టె అందించే నర్సులుగా స్త్రీలు కొన్ని క్షణాలు కనిపిస్తారు. యుద్ధం మగవాళ్ళది కాబట్టి అలా తీశాడనేవాళ్ళకి ఒక వాస్తవం గుర్తు చేయాలి. గాయపడ్డవాళ్ళని తెచ్చిన ఆస్పత్రి ఓడల్లో నర్సులు పనిచేశారు. 'పారిస్' అనే ఆస్పత్రి ఓడ జూన్ 2న బాంబు దాడిలో దెబ్బతిని మునిగిపోయింది. ఆ దాడిలో నర్సులూ ఉన్నారు. ఒడ్డున పని ఇంకా పెద్దది. కెంట్ ప్రాంతంలో హెడ్‌కార్న్ అనే చిన్న స్టేషన్లో సైనికుల రైళ్ళు ఆగేవి. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు రాత్రింబవళ్ళు రొట్టెలు కోశారు, టీ కాచారు. ఒక్కో సైనికుడికి ఒక్క కప్పు చొప్పున వేసుకున్నా మూడు లక్షల పైచిలుకు కప్పులు. అవన్నీ ఎవరో కాచి పోయాలి, మళ్ళీ కడగాలి. తొమ్మిది రోజుల పాటు ఇంత పని జరిగితే నోలన్ కెమెరాకి ఒక్క టీ కప్పు కనిపించింది.

ఈ రెండు సినిమాల మధ్య నాకు నచ్చింది లోన్ షెర్ఫిగ్ అనే డేనిష్ దర్శకురాలు తీసిన 'దెయిర్ ఫైనెస్ట్' (2016). లిస్సా ఎవాన్స్ నవల దానికి ఆధారం. కథానాయిక కాట్రిన్ యుద్ధకాలంలో ప్రభుత్వ ప్రచార సినిమాలకి మాటలు రాసే ఉద్యోగంలో చేరుతుంది. మగవాళ్ళకిచ్చినంత జీతం ఇవ్వలేమని ముందే చెప్పేస్తారు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఇంట్లో చెప్పకుండా పడవ తీసుకుని డంకర్క్ వెళ్ళారన్న వార్త విని ఆమె వాళ్ళని కలుస్తుంది. అసలు సంగతి వేరు. ఇంజన్ చెడిపోయి వాళ్ళ పడవ దారిలోనే ఆగిపోయింది, డంకర్క్ చేరనే లేదు. కాట్రిన్ ఆ కథనే సినిమా చేస్తుంది. అక్కడి నుంచి అసలు పోరాటం. కథలోకి మగ వీరుడు కావాలి, అమెరికన్ కావాలి, కుక్క కావాలి. నీళ్ళలో ప్రొపెల్లర్‌కి చిక్కుకున్నదాన్ని విడిపించేది అమ్మాయా, మగవాడా అని వాదన. నవ్విస్తూనే ఈ సినిమా ఒక పెద్ద విషయం చెబుతుంది. డంకర్క్ కథని తయారుచేశారు, తయారుచేసిన గదిలో ఒక స్త్రీ కూర్చుని పంక్తి పంక్తికీ బేరమాడింది. నాకున్న అసంతృప్తి ఒక్కటే. బేరం గెలిచాక కాట్రిన్ కూడా అదే పడవని ఇంకాస్త అందంగా చేసి ఇస్తుంది. పడవ బయట ఎవరున్నారని ఆమె అడగదు.

బయట చాలామంది ఉన్నారు. 1939 డిసెంబరులో మార్సెయ్ రేవులో దిగిన భారతీయ కంచరగాడిదల దళాలున్నాయి. బ్రిటిష్ సైన్యానికి సామాను మోసిన ఆ దళాల్లో ఎక్కువమంది పంజాబీ ముస్లింలు. వాళ్ళలో ఒక కంపెనీ జర్మన్లకి బందీగా చిక్కింది, కొన్ని వందల మంది డంకర్క్ మీదుగా బయటపడ్డారు. జంతువుల్ని అక్కడే వదిలేయాల్సి వచ్చింది. నోలన్ సినిమా వచ్చినప్పుడు వీళ్ళెక్కడని చాలామంది అడిగారు, అది న్యాయమైన ప్రశ్న. డంకర్క్‌కి వెళ్ళే ఆ రోడ్ల మీదే బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ కుటుంబాలు పరుపులూ పిల్లలూ ముసలివాళ్ళతో నడుస్తున్నాయి. ఆ వేసవిలో ఫ్రాన్స్‌లో లక్షలాది మంది ఇళ్ళు వదిలి రోడ్డున పడ్డారు. మగవాళ్ళు సైన్యంలో ఉన్నారు కాబట్టి ఆ నడిచినవాళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలే ఎక్కువ. పడవలు వచ్చింది సైన్యం కోసం, వాళ్ళ కోసం కాదు. వాళ్ళ గురించి రాసిన స్త్రీ ఒకరున్నారు. ఇరీన్ నెమిరోవ్‌స్కీ 1941-42లో 'సూట్ ఫ్రాన్సేజ్' నవల మొదటి భాగాన్ని ఆ వలస మీదే రాసింది. యూదు స్త్రీ కావడం వల్ల 1942 జులైలో ఆమెని అరెస్టు చేశారు, ఆగస్టులో ఆష్విట్జ్‌లో చనిపోయింది. కూతుళ్ళు పెట్టెలో దాచిన ఆ రాతప్రతి 2004లో గానీ పుస్తకం కాలేదు. పడవ లేనివాళ్ళ కథకి 62 ఏళ్ళు పట్టింది.

'తరలింపు' అన్న మాట దగ్గర నా ఆలోచన ఇంటివైపు మళ్ళింది. డంకర్క్ జరిగిన రెండేళ్ళలోపే అదే సామ్రాజ్యం ఇంకో తీరం నుంచి వెనక్కి తగ్గింది. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న రంగూన్ పడిపోయింది. ఆ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులని 1931 జనాభా లెక్కలు చెబుతున్నాయి. రేవుల్లో, మిల్లుల్లో, రిక్షాల దగ్గర పనిచేసిన మన ఉత్తర కోస్తా, గోదావరి జిల్లాలవాళ్ళు అక్కడ వేలల్లో ఉండేవాళ్ళు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుతో తెలుగువాళ్ళని 'కోరంగీలు' అని పిలిచేవాళ్ళు. మనవాళ్ళేమో రంగూన్‌ని 'రంగం' అన్నారు. ఓడలు కొందరికే దొరికాయి. మిగిలినవాళ్ళు నడిచారు. కొందరు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు, కొందరు తమూ మీదుగా మణిపూర్‌కి, మరికొందరు ఇంకా ఉత్తరాన అడవుల్లోంచి అస్సాంకి. అలా దాదాపు 5 లక్షల మంది భారతీయులు బయటపడ్డారనీ, వేలాదిమంది దారిలోనే చనిపోయారనీ చరిత్రకారుల అంచనా. తెల్లవాళ్ళకొక దారి, మనవాళ్ళకొక దారి పెట్టారన్న ఆరోపణ అప్పుడే వచ్చింది. 1942లో అలహాబాదులో కలిసిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఆ వివక్షని ఖండించింది.

మా చిన్నప్పుడు మా వీధిలో ఒకామెని అందరూ 'రంగం మామ్మ' అనేవాళ్ళు. ఆ పేరెందుకొచ్చిందని నేను అడిగితే "నడిచొచ్చాం" అనేది. ఎన్నాళ్ళు నడిచారంటే చెప్పేది కాదు. ఒకసారి మాత్రం చెప్పింది: "మగోళ్ళు దారి చూసేవోళ్ళు, మేం నీళ్ళు చూసేవోళ్ళం. నడక ఎంతైనా సాయంత్రానికి పొయ్యి ఎలిగించాలి కదమ్మా." అందరూ వచ్చారా అంటే, లేదన్నట్టు తల ఊపి లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ నడకలో వంట ఆగలేదన్న మాట నేను ఏ సైనిక చరిత్రలోనూ చదవలేదు. హెడ్‌కార్న్ స్టేషన్లో రొట్టెలు కోసిన చేతులకీ, కొండదారిలో మూడు రాళ్ళు పేర్చిన ఈ చేతులకీ మధ్య సామ్రాజ్యం ఉంది, జాతి ఉంది, ఒకరి వెనక రైలూ ఒకరి ముందు అడవీ ఉన్నాయి. వాళ్ళిద్దర్నీ ఒక్కటి చేసి 'స్త్రీలు' అనేయడం అన్యాయం. కానీ ఇద్దరి పనీ లెక్కలోకి రాకపోవడానికి కారణం ఒక్కటే. కాపాడడం అంటే పడవ నడపడమని ఖాయం చేసేశారు. తిండి పెట్టి నిలబెట్టడం అందులోకి రాదు.

ఇదంతా మ్యూజియానికి చేతకాని పని అనుకోను. దాని పుట్టుకలోనే వేరే దారి ఒకటుంది. 1917లో ఈ మ్యూజియం మొదలైనప్పుడు స్త్రీల పని మీద ప్రత్యేకంగా ఒక ఉపసంఘం వేశారు. లేడీ ప్రిసిల్లా నార్మన్ అధ్యక్షురాలు, ఆగ్నెస్ కాన్వే కార్యదర్శి. ఆ స్త్రీలు ఉత్తరాలు, యూనిఫారాలు, బ్యాడ్జీలు, ఫోటోలు పోగుచేశారు. యుద్ధ సేవలో చనిపోయిన స్త్రీల ఫోటోల కోసం వాళ్ళ కుటుంబాలకి రాశారు. 1919లో ఆలివ్ ఎడిస్ అనే ఫోటోగ్రాఫర్‌ని స్త్రీల పనిని చిత్రించడానికి ఫ్రాన్స్ పంపారు. అంటే బహువచనంలో సేకరించడం ఎలాగో ఆ సంస్థకి నూరేళ్ళ క్రితమే తెలుసు. మ్యూజియం పేరులో 'ఇంపీరియల్' చేరింది కూడా భారతదేశం, ఇతర వలస రాజ్యాలు అందులో భాగమన్న మాట మీదే. పేరులో మనల్ని చేర్చుకున్న చోట, మన నడక గురించి అడగడం అతిథి మర్యాద తప్పడం కాదు.

మనవైపు కూడా ఈ పని జరిగింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని వాళ్ళ నోటనే వినిపించింది. దళాలకి వండిపెట్టినవాళ్ళనీ, ఉత్తరాలు మోసినవాళ్ళనీ, పిల్లల్ని వదులుకున్నవాళ్ళనీ చరిత్రలోకి తెచ్చింది. రంగం నుంచి నడిచొచ్చిన స్త్రీల దగ్గరికి అలాంటి టేపు రికార్డరు పట్టుకుని ఎంతమంది వెళ్ళారు? ఆ నడిచినవాళ్ళలో ఇంకా మిగిలి ఉన్నవాళ్ళు ఇప్పుడు ఎనభై దాటిన పసిపిల్లలు. అప్పట్లో ఎవరి చంకలోనో ఉండి వచ్చినవాళ్ళు. శ్రీకాకుళంలో, విశాఖలో, కాకినాడలో బర్మా కాలనీలున్న చోట్ల వాళ్ళ కూతుళ్ళూ కోడళ్ళూ ఉన్నారు, విన్న మాటలున్నాయి. అవి అడిగి రాసుకోవడానికి మ్యూజియం భవనం అక్కర్లేదు.

టామ్జీన్‌ని అక్కడి నుంచి తీసేయాలని నేను అనను. అది నిజంగా వెళ్ళింది, నిజంగా మనుషుల్ని మోసింది. దాని పక్కన పలక మీద ఇంకో నాలుగు వాక్యాలు ఉండాలంటాను. ఆ తొమ్మిది రోజుల్లో ఎక్కువమందిని తెచ్చినవి పెద్ద ఓడలని. వచ్చినవాళ్ళకి తిండి పెట్టినవాళ్ళు ఎవరో. అదే రోడ్డు మీద నడుస్తున్న ఆడవాళ్ళకీ పిల్లలకీ పడవ రాలేదని. రెండేళ్ళ తర్వాత ఇదే సామ్రాజ్యంలో ఇంకో తరలింపు జరిగితే, అక్కడ లక్షల మంది కాలినడకన వచ్చారని. పడవ ఎక్కడికీ పోదు. చూసేవాళ్ళు ఇంకాస్తసేపు అక్కడ నిలబడాల్సి వస్తుంది, అంతే.